ఉల్లి చేసిన కీడు

‘ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు’ అంటారు మన పెద్దలు. కర్నూలు జిల్లాలో ఉల్లి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఆ మాటను కాదనే ధైర్యం నాకు లేదు. నా పుస్తకాలు, హాస్టలు మెస్సు బిల్లు, ఆఖరికి ఈ వ్యాసం రాస్తున్న కలం కూడా ఉల్లిగడ్డలు అమ్మిన డబ్బుతో కొన్నవే. అయితే తల్లి మేలు చేసేది తన బిడ్డలకే గదా! ఉల్లి కూడా అంతే. మనిషికి మేలు చేసే ఆ గడ్డే మన వాకిట్లో కాపలా కాసే కుక్కకు, పొయ్యి పక్కన ముడుచుకొని పడుకునే పిల్లికి విషమవుతుంది. డిగ్రీ రెండో ఏడు వచ్చేదాకా ఈ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఒక ప్రాణం పోయింది. అంతటితో ఆగక రెండు కుటుంబాల మధ్య మాటలు కూడా పోయాయి. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు కవిత్వం జోలికి పోకుండా ఈ విషయం ఎన్నుకున్నాను.

మా ఇంట్లో నల్లోడని ఒక కుక్క ఉండేది. జాతికుక్కేమీ కాదు, ఊరకుక్కే. తూకం ఎప్పుడూ వేయలేదు గాని, ఉల్లి సంచులు ఎత్తిన చేతుల అంచనా ప్రకారం 15 కిలోలుంటుంది. చేలో గడ్డలు కోసి రాశి పోసిన రాత్రుళ్ళు మా నాయనతో పాటు అది కూడా కావలి పడుకునేది. మూడేళ్ళ కిందట మా అక్క పెళ్ళి జరిగింది. మరునాడు మాంసం భోజనాలు. ముక్కలన్నీ మనుషులకు సరిపోగా, డేగిసాల అడుగున మిగిలిన ఉల్లిగడ్డ మసాలా అంతా మా అవ్వ అన్నంలో కలిపి నల్లోడికి పెట్టింది. ఒక పూట కాదు, మూడు పూటలు. పెళ్ళి ఇంట్లో కుక్క కూడా కడుపు నిండా తినాలని ఆమె ఆశ. అదీ తోక ఊపుకుంటూ గిన్నె నాకేసింది.

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు కూడు ముట్టలేదు. ఐదో రోజు లేచి నిలబడితే రొప్పసాగింది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. మూత్రం కాఫీ డికాక్షను రంగులో వచ్చింది. ఎవరో విషం పెట్టి ఉంటారని, విరుగుడుగా అవ్వ చింతపండు పిసికి ఆ రసం గొంతులో పోసింది. ఆరో రోజు తెల్లవారుజామున నల్లోడు గడ్డివామి కింద చచ్చిపడి ఉంది.

పక్క చేను మామకూ మాకూ అప్పటికే గట్టు తగాదా ఉంది. ‘మందు పెట్టించింది ఆయనే’ అని మా నాయన తేల్చేశాడు. మనుషులు నాలుగు మాటలనుకున్నారు, ఆపైన మాటలే మానుకున్నారు. రెండేళ్ళ పాటు ఒకే కాలవ నీళ్ళు పారించుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఎర్రకణం లోపల ఏం జరుగుతుంది?

రెండో ఏడు జంతుశాస్త్రం తరగతిలో రక్తం పాఠం జరుగుతోంది. హీమోగ్లోబిన్ ఆక్సీకరణకు గురైతే ముద్దకట్టి, ఎర్రకణం అంచున బొడిపెలా కనిపిస్తుందనీ, వాటిని హైంజ్ బాడీలంటారనీ, 1890లో రాబర్ట్ హైంజ్ అనే జర్మన్ వైద్యుడు వాటిని వర్ణించాడనీ మా లెక్చరరు గారు చెప్పారు. ‘ఉల్లి తిన్న కుక్క రక్తంలో ఇవి బాగా కనపడతాయి’ అని మాట వరసకు ఒక ముక్క అని, తరువాతి అంశానికి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. గంట కొట్టాక ఆయన వెంటబడి, ఆపైన గ్రంథాలయంలోనూ, పశువైద్యుల దగ్గరా అడిగి తెలుసుకున్నది ఇది.

ఉల్లి, వెల్లుల్లి జాతి మొక్కలన్నిటిలో గంధకం కలిగిన సమ్మేళనాలుంటాయి. గడ్డను కోసినా నమిలినా అవి విడిపోయి కొత్త సమ్మేళనాలుగా మారతాయి. ఉల్లి తరిగేటప్పుడు మన కంట నీరు తెప్పించేది వాటిలో ఒకటి. కుక్క, పిల్లి కడుపులోకి చేరినప్పుడు ఇలాంటివే మరికొన్ని రక్తంలో కలిసి, ఎర్రకణాలలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సీకరిస్తాయి. ఎర్రకణం కూడా ఊరకే కూర్చోదు. గ్లుటథయోన్ అనే పదార్థంతో కొంతదాకా ఎదుర్కొంటుంది. అది చాలనప్పుడు హీమోగ్లోబిన్ చెడి ముద్దలు కడుతుంది. ముద్దకట్టిన కణాన్ని ప్లీహం పనికిరానిదిగా ఏరివేస్తుంది. కొన్ని కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. పగిలిన కణాల రంగే మూత్రంలో దిగుతుంది. ఆక్సిజన్ మోసే కణాలు తగ్గిపోవడంతో చిగుళ్ళు తెల్లబడి, గుండె పరుగులు పెట్టి, రొప్పు వస్తుంది.

గమనించవలసిన విషయమేమంటే ఇదంతా తిన్న వెంటనే జరగదు. వాంతులు, విరేచనాలు ముందే కావచ్చు గాని, రక్తహీనత బయటపడటానికి సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. సోమవారం పెట్టిన కూడు శుక్రవారం చంపుతుందని ఎవరనుకుంటారు? అందుకే నేరం పాము మీదికో, దిష్టి మీదికో, పక్కింటి వాడి మీదికో పోతుంది.

ఇది కొత్తగా కనుగొన్న సంగతి కూడా కాదు. కుక్కలకు ఉల్లి పెడితే రక్తహీనత వస్తుందని అమెరికాలో సెబ్రెల్ అనే శాస్త్రజ్ఞుడు 1930లోనే ప్రచురించాడు. దాదాపు వందేళ్ళు కావస్తున్నా ఆ కబురు మా ఊరికి చేరలేదు.

ఎంత తింటే ప్రమాదం? కుక్క బరువు కిలో ఒక్కింటికి 15 నుంచి 30 గ్రాముల ఉల్లి రక్తంలో చెప్పుకోదగ్గ మార్పు తెస్తుందని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. 15 కిలోల కుక్కకు లెక్క వేస్తే 225 గ్రాములు, అంటే రెండు మూడు గడ్డలు. పెళ్ళి కూర అడుగున పేరుకునే మసాలాలో అవి ఎంతసేపు? పిల్లికైతే కిలోకు 5 గ్రాములే చాలు. 3 కిలోల పిల్లికి 15 గ్రాములంటే గుప్పెడు తరుగు కూడా కాదు. పైగా కొద్దికొద్దిగా రోజూ పెట్టినా నష్టం పోగుపడుతుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా విషం పోదు. వెల్లుల్లి ఇంకా గాఢమైనది. నులిపురుగులు పోతాయని కుక్కపిల్లలకు వెల్లుల్లి పెట్టే వాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు.

పిల్లి ఎందుకింత సుకుమారం? హీమోగ్లోబిన్‌లో ఆక్సీకరణకు తేలికగా లొంగే గంధక స్థానాలు చాలా జంతువుల్లో 2 ఉంటే, కుక్కలో 4, పిల్లిలో 8 ఉంటాయి. ఎన్ని తలుపులుంటే దొంగకు అన్ని దారులు! పైగా చెడిన కణాలను ఏరివేయడంలో పిల్లి ప్లీహం అంత చురుకైనది కాదు. మనం మాత్రం రోజూ ఉల్లి తింటున్నాం, మనకేమీ కావడం లేదు. అలాగని మన ఎర్రకణాలు వజ్రాలనుకోవద్దు. జి-6-పి-డి అనే ఎంజైము లోపించిన మనుషులకు మలేరియా మందు ప్రిమాక్విన్ ఇస్తే వారి ఎర్రకణాలూ ఇలాగే పగులుతాయి. అంటే మేలూ కీడూ పదార్థంలోనే లేవు, దాన్ని తీసుకునే శరీరంలోనూ, తీసుకున్న మోతాదులోనూ ఉన్నాయన్నమాట.

రైతు బిడ్డలు గుర్తుంచుకోవలసింది మరొకటుంది. పశువుల్లో ఆవులు, ఎద్దులు ఉల్లి విషానికి బాగా లొంగుతాయి. గొర్రెలు, మేకలు కొంత ఎక్కువ తట్టుకుంటాయి. ధర పడిపోయిన ఏడు గడ్డలను గట్టున పారబోసి ‘పశువులైనా తిననీలే’ అనుకుంటాం. నష్టం మీద నష్టం తెచ్చుకునే పని అది.

ద్రాక్ష చెప్పిన చింతపండు కథ

ద్రాక్షపళ్ళు, ఎండుద్రాక్ష తిన్న కుక్కల్లో కొన్నిటికి మూత్రపిండాలు పాడవుతున్నాయని అమెరికా పశువైద్యులు 1990ల చివరి నుంచి గమనిస్తూ వచ్చారు. చిత్రమేమంటే ఒక కుక్క గుత్తి తిన్నా నిక్షేపంగా ఉంటుంది, మరొకటి నాలుగు పళ్ళకే పడిపోతుంది. కారణం ఇరవై ఏళ్ళు అంతుబట్టలేదు. చివరికి తీగ దొరికింది ద్రాక్షతోటలో కాదు, పిల్లల ఆటవస్తువులో! ఇంట్లో చేసిన ఆట పిండిముద్దను మింగిన కుక్కకు సరిగ్గా ద్రాక్ష తిన్న కుక్క లక్షణాలే కనిపించాయి. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ కలిపారు. అది టార్టారిక్ ఆమ్లపు పొటాషియం లవణం. ద్రాక్షలో పుష్కలంగా ఉండే ఆమ్లమూ అదే. పండు రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి దాని పాళ్ళు మారతాయి కనుకనే ఒక్కో కుక్క ఒక్కో తీరుగా బాధపడిందని 2021లో ఆ వైద్యులు ప్రతిపాదించారు. ఈ ఆమ్లాన్ని మూత్రంలోకి నెట్టివేసే శక్తి కుక్క మూత్రపిండాలకు తక్కువనీ, అందువల్ల అక్కడి కణాల్లో పేరుకుంటుందనీ అనుకుంటున్నారు.

రసాయనశాస్త్రం మిత్రులకు టార్టారిక్ ఆమ్లం పాత స్నేహితుడే. ఫెహ్లింగ్ ద్రావణంలో మనం కలిపే రోషెల్ లవణం దాని లవణమే. ఇక మన వంటింట్లో అది ఎక్కడుందంటారా? చింతపండులో! దాని పులుపులో పెద్ద వాటా ఈ ఆమ్లానిదే. చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా 2022లో పశువైద్య పత్రికకెక్కాయి. పులుసు, పులిహోర, చారు మనకు అమృతం కావచ్చు, కుక్క గిన్నెలో మాత్రం వేయవద్దు. పాయసంలో కిస్మిస్ సంగతీ అంతే.

ఈ పేరా రాస్తుంటే నా చేయి కొంచెం ఆగింది. అవ్వ పిసికిన చింతపండు రసం గుర్తుకొచ్చింది.

చాక్లెట్టు, చూయింగ్ గమ్ము, మందుబిళ్ళ

చాక్లెట్టులో థియోబ్రొమిన్ అనే పదార్థం ఉంటుంది. కాఫీలోని కెఫీన్‌కు తోబుట్టువు. మన శరీరం కొన్ని గంటల్లోనే దీన్ని సగానికి తగ్గిస్తే, కుక్క శరీరానికి 17 గంటలకు పైగా పడుతుంది. అంతసేపూ అది గుండెను, నరాలను రెచ్చగొడుతూనే ఉంటుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, దాహం, నిలకడలేనితనం మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె లయ తప్పుతుంది. 60 చేరితే మూర్ఛలు. పాల చాక్లెట్టులో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, నల్ల చాక్లెట్టులో సుమారు 5, కోకో పొడిలో 20 పైనే ఉంటుంది. 15 కిలోల కుక్కకు 150 గ్రాముల పాల చాక్లెట్టు ఎంతో, 15 గ్రాముల కోకో పొడి అంత. 3 కిలోల కుక్కపిల్లకు 30 గ్రాముల పాల చాక్లెట్టే చాలు. పిల్లికీ ఇది విషమే. అయితే పిల్లి నాలుకకు తీపి తెలియదు, ఆ రుచిని పట్టే జన్యువు దానిలో పనిచేయదని 2005లో తేలింది. కనుక అది చాక్లెట్టు జోలికి పోవడం తక్కువ. ఆశపోతుతనమంతా కుక్కదే.

చక్కెర లేనివని అమ్మే కొన్ని చూయింగ్ గమ్ములలో, మిఠాయిలలో, టూత్‌పేస్టులలో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు. మనకు ఇది హాని చేయదు. కుక్క శరీరం మాత్రం దాన్ని గ్లూకోజు అనుకొని మోసపోయి, ఇన్సులిన్‌ను కుమ్మరిస్తుంది. గంట తిరగకముందే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, మూర్ఛపోతుంది. కిలోకు 0.1 గ్రాము దాటితే ఈ ప్రమాదం, 0.5 గ్రాము దాటితే కాలేయానికే ముప్పు. హాస్టలు గదుల్లో కుక్కపిల్లలను దాచిపెట్టి పెంచే మిత్రులు (వార్డెన్ గారు ఈ వాక్యం చదవకుందురు గాక!) దీన్ని మరిచిపోవద్దు.

తిండి కాకపోయినా పారాసిటమాల్ గురించి చెప్పకుండా ఉండలేను. పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉందని అర బిళ్ళ పాలలో కలిపి పట్టించే దయగలవాళ్ళున్నారు. ఈ మందును విరిచి బయటికి పంపే ముఖ్యమైన ఎంజైము పిల్లిలో లేదు. దాంతో మందు విషంగా మారి, ఉల్లి చేసిన పనే ఇంకా వేగంగా చేస్తుంది. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ళ పిల్లిని చంపగలదు.

ఇవిగాక, సారాయి, కల్లు తమాషాకు కూడా తాగించకూడదు. ఉప్పు ఊరిన పచ్చళ్ళు, పులిసి పొంగే పచ్చిపిండి వద్దు. ఉడికిన కోడి ఎముకలు విషం కావు గాని, సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

మరి ఏం పెట్టాలి?

‘మేం తినేది పెట్టక, సీమ తిండి కొనుక్కురావాలా?’ అని మా నాయన అడిగాడు. అక్కరలేదు. 2013లో జరిగిన ఒక పరిశోధనలో తేలిందేమంటే, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజు జన్యువు తోడేలులో 2 ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి సేద్యం నేర్చి గింజలు పండించిన కాలం నుంచి కుక్క మన మెతుకులు తింటూ, వాటిని అరిగించుకోవడం నేర్చింది. కనుక అన్నం, రొట్టె, సంగటి, ఉప్పు కారం లేకుండా ఉడికించిన మాంసం లేదా గుడ్డు కుక్కకు నిరభ్యంతరంగా పెట్టవచ్చు. పిల్లి పూర్తిగా మాంసాహారి, దానికి మాంసమో చేపో ఉండి తీరాలి. పెద్ద పిల్లులకు చాలావాటికి పాలు సరిగా అరగవు. కథల్లో పిల్లి పాలు తాగితే తాగనీయండి.

చేయవలసిందల్లా ఒక్కటే. తాలింపు వేయకముందే, ఉల్లి కలపకముందే వాటి వాటా తీసి పక్కన పెట్టడం. దీనికి పైసా ఖర్చు లేదు.

ఒకవేళ తినకూడనిది తింటే ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది అనే మూడు విషయాలు గుర్తుపెట్టుకొని వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. తిన్న తొలి గంటల్లో అయితే కడుపులోది కక్కించి, బొగ్గుపొడి మందు ఇచ్చి విషాన్ని ఆపే వీలుంటుంది. లక్షణాలు కనపడే దాకా ఆగితే ఆ అవకాశం జారిపోతుంది. ఉల్లి కేసు ముదిరితే రక్తం ఎక్కించవలసి రావచ్చు. మనంతట మనం ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, నూనె, చింతపండు రసం పోయకూడదు. ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం. స్పృహలేని జంతువు గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చివరి మాట

నల్లోడి రక్తం గాజుపలక మీద పూసి చూసిన వారెవరూ లేరు. కనుక అది ఉల్లి వల్లనే చచ్చిందని సైన్సు విద్యార్థిగా నేను ప్రమాణం చేయలేను. అయితే మూడు పూటల ఉల్లి మసాలా, నాలుగో రోజు మొదలైన జబ్బు, తెల్లబడ్డ చిగుళ్ళు, డికాక్షను రంగు మూత్రం, ఇన్ని సాక్ష్యాలు ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. పక్క చేను మామ వైపు వేలు చూపించే సాక్ష్యం ఒక్కటీ లేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నా నోటు పుస్తకంలో ఎర్రకణం బొమ్మ గీసి నాయనకు చూపించాను. ఆయన బొమ్మ కేసి చాలాసేపు చూశాడు. ‘ఇది నిజమేనా?’ అని ఒక్క మాట అడిగాడు. ‘నిజమే నాయనా’ అన్నాను. మరునాడు పొద్దున కాలవ గట్టు మీద ఆయన గొంతు వినపడింది. ‘బావా, నీళ్ళు ముందు నువ్వు పెట్టుకో’ అంటున్నాడు. రెండేళ్ళ తరువాత మా ఇంటి నుంచి ఆయనకు పోయిన మొదటి మాట అది.

అవ్వ మాత్రం గుమ్మంలో కూర్చొని, ‘అయితే నేనే సంపుకుంటినా దాన్ని?’ అన్నది. ‘తెలిసి పెట్టలేదు గదా అవ్వా’ అన్నాను. ఉల్లి సంగతి చెప్పాను గాని, చింతపండు సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ సంచిక ఆమె చదవలేదు కనుక మీకు చెబుతున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఇంకో కుక్కపిల్ల ఉంది. అవ్వ రోజూ ఉల్లి తరగడానికి ముందే దాని మెతుకులు వేరే గిన్నెలో తీసి, మూతపెట్టి, ఆ తరువాతే కత్తిపీట ముందు కూర్చుంటుంది.